అనబాప్టిస్టులను ఎందుకు చంపారు? మున్‌స్టర్ కంటే ముందే రాసిన శాసనాల సంగతి

మీ సందేహంలో మూడు విషయాలున్నాయి. పోపును ధిక్కరించి తామే శిక్షల భయంలో బతికిన ప్రొటెస్టెంట్లు, కేవలం పెద్దలకు బాప్తిస్మం ఇచ్చారన్న కారణంతో అనబాప్టిస్టులను, అంటే శిశు బాప్తిస్మం చెల్లదని నమ్మినవారికి మళ్లీ బాప్తిస్మం ఇచ్చిన క్రైస్తవులను, ఎందుకు చంపారు అన్నది మొదటిది. జర్మనీలోని మున్‌స్టర్ నగరంలో వాళ్లు సాగించిన ఆగడాల వల్లనే ఆ ద్వేషం పుట్టిందని మీరు చదివిన మాట నిజమా అన్నది రెండోది. పాలమూరు, నల్లగొండ ప్రాంతాల ఎం.బి. (మెన్నోనైట్ బ్రదరన్) సంఘాలకు ఈ చరిత్రతో సంబంధం ఉందా అన్నది మూడోది. సంఘ చరిత్రను చాలాకాలం బోధించినవాడిగా రెండో దానితో మొదలుపెడతాను, ఎందుకంటే అక్కడ తారీకులు చూస్తే చాలు. మున్‌స్టర్ ఉదంతం 1534లో మొదలైంది. స్విట్జర్లాండ్‌లోని జూరిక్ నగరం పునర్బాప్తిస్మానికి మరణశిక్ష విధించింది 1526లో. జర్మన్ సామ్రాజ్యమంతటికీ అటువంటి శాసనం వచ్చింది 1529లో. మున్‌స్టర్ పేరు ఎవరి నోటా రాకముందే వందల మంది చనిపోయారు. కనుక కారణం వేరే చోట వెతకాలి, ఆ చోటు జూరిక్.

జూరిక్‌లో ఉల్రిక్ జ్వింగ్లీ 1519 నుంచి ప్రధాన బోధకుడు. ఆయన చుట్టూ చేరిన చదువుకున్న యువకుల్లో కాన్రాడ్ గ్రేబెల్, ఫీలిక్స్ మాంజ్ ముఖ్యులు. వీళ్లు మొదట జ్వింగ్లీ శిష్యులే. తేడా వచ్చింది బాప్తిస్మం దగ్గర కాదు, అంతకు ముందే 1523లో వచ్చింది. ఆ వేసవిలో చుట్టుపక్కల గ్రామాలవారు పెద్ద దేవాలయానికి కట్టవలసిన దశమభాగాలను కట్టబోమని అర్జీ పెట్టుకున్నారు, నగర సభ ఒప్పుకోలేదు. అక్టోబరులో జరిగిన బహిరంగ చర్చలో పూజా విధానమూ విగ్రహాలూ లేఖన విరుద్ధమని దాదాపు అందరూ అంగీకరించిన తరువాత, వాటిని ఎప్పుడు తీసివేయాలో నగర సభ నిర్ణయిస్తుందని జ్వింగ్లీ అన్నాడు. దేవుని వాక్యం తేల్చిన దానిపై నగర సభకు ఏ అధికారం ఉందని సీమోన్ స్టుంఫ్ అనే గ్రామ బోధకుడు అక్కడే నిలదీశాడు. తరువాతి నూరేళ్ల వివాదమంతా ఆ ఒక్క ప్రశ్నలో ఉందని నా అభిప్రాయం. సంస్కరణ పాలకుల చేతుల మీదుగా, అందరినీ కలుపుకొని నెమ్మదిగా జరగాలా, లేక నమ్మినవారు పాలకుల అనుమతి లేకుండానే వేరుగా కూడుకోవచ్చునా?

1525 జనవరి 17న బాప్తిస్మంపై చర్చ జరిగింది. ఓడిపోయారని తేల్చిన పక్షానికి నగర సభ గడువు విధించింది: శిశువులకు ఎనిమిది రోజుల్లోగా బాప్తిస్మం ఇప్పించాలి, లేకపోతే కుటుంబంతో సహా నగరం వదిలిపోవాలి. జనవరి 21న, వాళ్ల కూటాలను నిషేధించిన రోజునే, మాంజ్ ఇంట్లో కూడిన కొద్దిమంది మధ్య జార్జ్ బ్లౌరాక్ అనే మాజీ పురోహితుడు గ్రేబెల్‌ను అడిగి బాప్తిస్మం పొందాడు, తరువాత తానే మిగిలినవారికి ఇచ్చాడు. తల మీద నీళ్లు పోయడమే అప్పటి పద్ధతి. ముంచి ఇవ్వడం ఆ రాత్రి లేదు. వారం తిరగకుండానే పక్కనున్న జోలికాన్ గ్రామంలో రైతుల ఇళ్లలో ఇది వ్యాపించింది. జైలు, జరిమానా, బహిష్కరణ ఏవీ పనిచేయకపోవడంతో 1526 మార్చి 7న నగర సభ మరణశిక్షను, అదీ నీళ్లలో ముంచడాన్ని, శాసనంగా ప్రకటించింది. 1527 జనవరి 5న లిమ్మత్ నదిలో, చేతులను మోకాళ్లకు కట్టివేసి మధ్యలో కర్ర దూర్చి, ఫీలిక్స్ మాంజ్‌ను పడవ మీది నుంచి తోశారు. అంతకు ముందే, 1525 మేలో, కాథలిక్ ప్రాంతమైన ష్విజ్‌లో ఎబర్లీ బోల్ట్‌ను కాల్చి చంపారు. అయితే ప్రొటెస్టెంట్ ప్రభుత్వం చంపిన మొదటి అనబాప్టిస్టు మాంజే. అదే రోజు బ్లౌరాక్‌ను మాత్రం కొరడాలతో కొడుతూ ఊరి పొలిమేర దాటించి వదిలేశారు. అతను జూరిక్ పౌరుడు కాడు, కనుక తీర్పు వేరు. రెండేళ్ల తరువాత టిరోల్‌లో కాథలిక్ పాలకుల చేతికి చిక్కి అతనూ సజీవ దహనమయ్యాడు.

పౌరుడికి ఒక తీర్పు, పరాయివాడికి ఒక తీర్పు అన్న ఆ తేడాను కాస్త గట్టిగా పట్టుకోవాలి. ఆనాటి యూరప్ పట్టణంలో పుట్టిన ప్రతి బిడ్డకూ బాప్తిస్మం ఇవ్వడం మతకర్మగా మాత్రమే మిగలలేదు. బిడ్డ ఆ ఊరి సమాజంలో సభ్యుడవుతున్నట్లు అందరి ఎదుట ఒప్పుకోవడం కూడా అదే. జూరిక్‌లో బాప్తిస్మ రిజిస్టర్లు రాయడం 1526లో మొదలైంది, ఎవరు బిడ్డను తీసుకురాలేదో కనిపెట్టడం వాటి ఉద్దేశాల్లో ఒకటి. అలాగే స్విస్, దక్షిణ జర్మన్ పట్టణాల్లో పౌరులంతా ఏటా ఒక రోజు చౌకులో కూడి నగరానికి విధేయులమని చెయ్యెత్తి ప్రమాణం చేసేవారు. సైన్యానికి పిలిస్తే రావడం, పన్ను కట్టడం, న్యాయస్థానంలో సాక్ష్యం చెప్పడం అన్నీ ఆ ప్రమాణం మీద నడిచేవి. అనబాప్టిస్టులు మత్తయి సువార్త ఐదో అధ్యాయం చూపించి ప్రమాణం చేయబోమన్నారు. కత్తి పట్టబోమన్నారు, న్యాయాధికారి పదవి స్వీకరించబోమన్నారు. బడి, పోలీసు, జనాభా లెక్క వంటివి లేని రాజ్యంలో ప్రమాణం ఒక్కటే పాలకుడి చేతిలో ఉన్న తాడు. దాన్ని వదులుకునేవాడు శాంతస్వభావుడైనా సరే, పాలకుల కళ్లకు తిరుగుబాటుదారుగానే కనిపించాడు. పైగా 1524-25 రైతు యుద్ధం అప్పుడే ముగిసింది. దశమభాగాలపై తగాదా పడ్డ కొన్ని గ్రామాల్లోనే పునర్బాప్తిస్మం కూడా పాకింది. పాలకులు ఆ రెండింటినీ ముడిపెట్టడం అన్యాయమే గాని పూర్తిగా అకారణం కాదు. ఈ ఒప్పుకోలు మా వైపు పాఠ్యపుస్తకాల్లో అరుదుగా కనిపిస్తుంది.

మైకేల్ సాట్లర్ విచారణ చదివితే ఇదంతా ఒక్క మనిషి కథలో కనిపిస్తుంది. జర్మనీలోని నల్లడవి (బ్లాక్ ఫారెస్ట్) ప్రాంతంలోని సెయింట్ పీటర్ మఠాన్ని వదిలి వచ్చి పెళ్లి చేసుకున్న సన్యాసి ఆయన. 1527 ఫిబ్రవరి 24న ష్లైట్‌హైమ్‌లో చెదిరిన సంఘాల ప్రతినిధులను కూర్చోబెట్టి ఏడు అంశాల ఒప్పందం రాయించాడు: విశ్వాసుల బాప్తిస్మం, సంఘ బహిష్కరణ, ప్రభువు భోజనం, లోకం నుంచి వేరుపడటం, కాపరుల నియామకం, కత్తి, ప్రమాణం. కొద్ది వారాలకే ఆస్ట్రియా రాజవంశమైన హాప్స్‌బర్గ్‌ల ఏలుబడిలోని రాటన్‌బర్గ్‌లో మేలో విచారణ. అభియోగాల్లో బాప్తిస్మంతో పాటు మరియను, పరిశుద్ధులను తృణీకరించడం, ప్రమాణ నిరాకరణ, సన్యాసి పెళ్లాడటం ఉన్నాయి. కోర్టుకు అన్నిటికంటే కోపం తెప్పించింది మాత్రం తురుష్కులు దండెత్తి వచ్చినా వారిని ఎదిరించకూడదన్న మాట. ఆయన దాన్ని దాచలేదు. యుద్ధమే ధర్మమైతే దైవభక్తులైన క్రైస్తవులను వేటాడేవారి మీదికి వెళ్లడం తురుష్కుల మీదికి వెళ్లడం కంటే మేలన్న అర్థంలో ఇంకా కారంగా జవాబిచ్చాడు. అంతకు ముందు ఏడాదే తురుష్కులతో జరిగిన మోహాచ్ యుద్ధంలో హంగరీ రాజు చనిపోయాడు, రెండేళ్లకు తురుష్క సైన్యం వియన్నా గోడల దగ్గర ఉంది. ఆ భయంలో ఉన్న న్యాయాధిపతులకు ఈ మాట ఎలా వినిపించి ఉంటుందో ఊహించుకోండి. నాలుక కోసి, కాల్చిన పటకారుతో మాంసం పీకి, చివరకు దహనం చేశారు. భార్య మార్గరెతాను కొన్ని రోజుల తరువాత నెకార్ నదిలో ముంచారు. అనబాప్టిస్టులకు తగిన మందు మూడో బాప్తిస్మమే అని ఆస్ట్రియా పాలకుడు ఆర్చ్‌డ్యూక్ ఫెర్డినాండ్ అన్నట్టుగా చెప్పుకొనే మాటకు అర్థం ఈ ముంచడమే.

అయితే అనబాప్టిస్టులంతా ఒకే మాట మీద ఉన్నారనుకోకండి. బాల్తజార్ హుబ్‌మయర్ వేదశాస్త్రంలో డాక్టరు పట్టం ఉన్న పండితుడు. క్రైస్తవుడు న్యాయాధికారిగా కత్తి ధరించవచ్చునని 1527లో గ్రంథమే రాశాడు. మతభ్రష్టులను కాల్చేవారే అసలు మతభ్రష్టులని 1524లోనే వాదించాడు. వాదం తేలికే, నిలబడటం కష్టం. జూరిక్‌లో హింస పెడితే ఆయన తన నమ్మకాన్ని వెనక్కి తీసుకున్నాడు, తరువాత దానికి సిగ్గుపడ్డాడు. మొరావియాలోని నికోల్స్‌బర్గ్‌లో ప్రభువుల అండతో కొంతకాలం సంఘాన్ని నడిపి, చివరకు వియన్నాలో 1528 మార్చి 10న సజీవ దహనమయ్యాడు. మూడు రోజులకు ఆయన భార్యను డాన్యూబ్‌లో ముంచారు. పాలకుడి కత్తిని ఒప్పుకున్నా ప్రాణం దక్కలేదు. వేరే సంఘంగా కూడడమే నేరమని దీనితో తెలుస్తుంది.

ఇక సామ్రాజ్య శాసనం. 1529 ఏప్రిల్‌లో ష్పేయర్‌లో కూడిన సామ్రాజ్య సభలో లూథర్ పక్షపు రాజులూ పట్టణాలూ మనస్సాక్షి పేరిట కాథలిక్ తీర్మానాన్ని ఎదిరించి ప్రకటన చేశారు. ప్రొటెస్టెంట్ అన్న పేరు దానినుంచే వచ్చింది. అదే సభ, అదే నెలలో, రెండు పక్షాల సమ్మతితో అనబాప్టిస్టులపై శాసనం చేసింది. తెలివి వచ్చిన వయసులో బాప్తిస్మం తీసుకున్న, ఇచ్చిన ఆడా మగా అందరికీ అగ్నితోనో కత్తితోనో మరణం. చర్చి న్యాయస్థానం ముందుగా విచారించనక్కరలేదు. బిడ్డలకు బాప్తిస్మం ఇప్పించని తల్లిదండ్రులూ ఆ కోవలోకే వస్తారు. తప్పు ఒప్పుకున్నవారిని క్షమించవచ్చు గాని బోధకులకు, మళ్లీ జారినవారికి క్షమాపణ లేదు. ఇందుకు ఆధారంగా జస్టీనియన్ చక్రవర్తి సంహితలోని పాత రోమన్ చట్టాన్ని తవ్వి తీశారు. మళ్లీ బాప్తిస్మం ఇచ్చే ఉత్తర ఆఫ్రికాలోని డొనాటిస్టులను అణచడానికి వెయ్యేళ్ల కింద రాసిన చట్టం అది. దానివల్ల విచారణ ఎంత సులువైపోయిందో గమనించాలి. సిద్ధాంతం గురించి వాదించనక్కరలేదు, బాప్తిస్మం మళ్లీ తీసుకున్నావా లేదా అని అడిగితే చాలు.

మున్‌స్టర్ విషయం ఇక క్లుప్తంగా చెబుతాను, దాని మీద కావలసినదానికంటే ఎక్కువే రాశారు. మెల్కియోర్ హాఫ్‌మన్ బోధించిన అంత్యకాల నిరీక్షణతో ఉర్రూతలూగిన నెదర్లాండ్స్ మనుషులు, ఆ ఊరి బోధకుడు బెర్న్‌హార్ట్ రాత్‌మన్ అనుచరులతో కలిసి 1534లో ఆ నగరాన్ని హస్తగతం చేసుకున్నారు. బాప్తిస్మం ఒప్పుకోనివారిని చలికాలంలో వెళ్లగొట్టారు. వాళ్ల నాయకుడు యాన్ మాతిస్ ముట్టడిలో చచ్చాక యాన్ ఫాన్ లైడెన్ రాజుగా ప్రకటించుకున్నాడు, బహుభార్యాత్వం విధించాడు, ఎదిరించినవారి తలలు తీయించాడు. 1535 జూన్‌లో బిషప్ సేనలు నగరాన్ని తీసుకున్నాయి. 1536 జనవరిలో చంపిన ముగ్గురి శవాలను ఉంచిన ఇనుప పంజరాలు సెయింట్ లాంబర్ట్ గోపురం మీద ఇప్పటికీ వేలాడుతున్నాయి. వాళ్లు వేరు, శాంతియుత అనబాప్టిస్టులు వేరు అని తేలికగా గీత గీయడం నాకు నచ్చదు. 1534లో ఎవరు ఏ వైపు వెళతారో వాళ్లకే తెలియదు. ఫ్రీస్‌లాండ్‌లో పురోహితుడిగా ఉన్న మెన్నో సైమన్స్ ఆ రక్తపాతాన్ని దగ్గర నుంచి చూసి, 1536లో తన పదవి వదిలి చెల్లాచెదురైనవారిని అహింస వైపు కూడగట్టాడు. 1542లో ఆయన తల మీద 100 గిల్డర్ల వెల ప్రకటించారు. మున్‌స్టర్ తెచ్చిన మార్పు ఏమిటంటే, అంతవరకు అనుమానంగా ఉన్నది రుజువైందని పాలకులు అనుకోవడం. చట్టం పాతదే, దాన్ని వాడటానికి సంకోచం పోయింది.

ప్రొటెస్టెంట్ల పాత్ర గురించి మీ అసలు ప్రశ్నకు వస్తే, చంపినవారిలో అధిక భాగం కాథలిక్ పాలకులే. టిరోల్, ఆస్ట్రియా, బవేరియా, నెదర్లాండ్స్ అన్నిటికంటే క్రూరమైన చోట్లు. తప్పు ఒప్పుకుంటే తల నరుకుతారు, ఒప్పుకోకపోతే కాలుస్తారు అన్నంత దూరం బవేరియా వెళ్లింది. ప్రొటెస్టెంట్లలో ఏకాభిప్రాయం లేదు. ఈ పేదలను కాల్చి చంపడం సరికాదని 1528లో లూథర్ స్వయంగా రాశాడు. కాని 1531లో ఆయన సహచరుడు మెలాంక్‌తన్ రాసిన అభిప్రాయ పత్రంలో, బహిరంగ బోధనా వ్యవస్థను తిరస్కరించడమే దైవదూషణ అని, దానికి మరణశిక్ష తగునని ఉంది. లూథర్ దానికి సమ్మతి రాశాడు. స్ట్రాస్‌బర్గ్ ఎక్కువగా బహిష్కరణతో సరిపెట్టింది. హెస్సే పాలకుడు ఫిలిప్ మాత్రం, విశ్వాసం దేవుడిచ్చేది గనుక దాని నిమిత్తం ఎవరినీ చంపనని భీష్మించుకున్నాడు, చంపలేదు కూడా.

ఈ తేడా ఒక రైతు మీద ఎలా పడిందో చెప్పకుండా ఉండలేను. ఫ్రిట్జ్ ఎర్బే ఉన్న ఊరు హెస్సే, సాక్సనీల ఉమ్మడి అధికారం కింద ఉండేది. బిడ్డకు బాప్తిస్మం ఇప్పించనన్నందుకు రెండోసారి పట్టుకున్నాక, చంపుదామని సాక్సనీ, వద్దని హెస్సే ఏళ్ల తరబడి ఉత్తరాలు రాసుకున్నాయి. రాజీగా యావజ్జీవ ఖైదు వేశారు. ఐజెనాక్ ఊరి బురుజులో ఉంచితే చీకటి పడ్డాక జనం గోడ కిందికి వచ్చి అతనితో మాట్లాడి పోతున్నారని 1540లో వార్ట్‌బర్గ్ కోట దక్షిణపు బురుజు అడుగున ఉన్న చీకటి గుంటలోకి దించారు. లూథర్ 1521-22 చలికాలంలో కొత్త నిబంధనను జర్మన్‌లోకి తెచ్చినది అదే కోటలో. ఎర్బే వాదన అంతా ఆ పుస్తకం నుంచే. ఎందరు బోధకులు దిగివచ్చి చెప్పినా మారకుండా 1548లో అక్కడే చనిపోయాడు. ఫిలిప్ దయ అతని ప్రాణం కాపాడి మరో రకంగా తీసింది.

మొత్తం ఎంతమంది చనిపోయారంటే, కోర్టు కాగితాలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టిన పరిశోధకులు రెండు వేల నుంచి మూడు వేల వరకు అంటారు. పదివేలు, లక్షలు అని ఆన్‌లైన్‌లో తిరిగే అంకెలను నమ్మకండి. అలాగని ఇది చిన్న సంఖ్య అనుకోవద్దు. ఆ సమూహం మొత్తమే చిన్నది, చనిపోయినవారిలో బోధకులు ఎక్కువ. మొదటి తరం నాయకుల్లో మంచం మీద చనిపోయినవారు కొద్దిమంది. గ్రేబెల్ ప్లేగుతో పోయాడు, మెన్నో వృద్ధాప్యంలో 1561లో పోయాడు.

ఆధారాలను చదివేటప్పుడు రెండు జాగ్రత్తలు కావాలి. విచారణ కాగితాల్లో ఉన్న మాటలు హింస పెట్టి రాబట్టినవి, ప్రశ్నల జాబితా ముందే సిద్ధంగా ఉండేది. ఇటు హతసాక్షుల చరిత్రలకూ ఒక ఉద్దేశం ఉంది. డార్డ్రెక్ట్‌కు చెందిన టీలెమన్ ఫాన్ బ్రాగ్ట్ 1660లో అచ్చువేసిన పెద్ద గ్రంథం, అప్పటికి వ్యాపారంలో సంపన్నులైన డచ్ మెన్నోనైట్లు (మెన్నో బాటలో నడిచిన అనబాప్టిస్టులు) తమ తాతల బాధలు మరచిపోతున్నారన్న దిగులుతో రాసినది. కత్తి పట్టినవారి పేర్లు అందులోకి రాలేదు. 1685 ముద్రణకు యాన్ లయ్‌కెన్ చెక్కిన 104 రాగిరేకు చిత్రాలు వచ్చాయి, మనకు ఎక్కువగా తెలిసిన దృశ్యాలన్నీ వాటివే. అందులో నేను విద్యార్థులతో తప్పక చదివించేది 1573లో ఆంట్‌వెర్ప్‌లో కాల్చిన మాయ్‌కెన్ వెన్స్ ఉదంతం. చితి దగ్గర జనంతో మాట్లాడకుండా ఆమె నాలుకకు మర బిగించారు. పెద్దకొడుకు చూడలేక సొమ్మసిల్లి, అంతా అయ్యాక బూడిదలో ఆ మర కోసం వెతికాడు. నాలుకకు మర వేయడం వట్టి క్రూరత్వమనుకుంటే సరిపోదు. చచ్చేవాళ్లు పాడే పాట విని జనం వాళ్ల వైపు తిరుగుతున్నారని అధికారులకు అనుభవం మీద తెలిసింది. ఆ గ్రంథంలోని హతసాక్షుల్లో సుమారు మూడో వంతు ఆడవాళ్లు. జైలు నుంచి పిల్లలకు వాళ్లు రాసిన ఉత్తరాలు విచారణ కాగితాల కంటే నమ్మదగినవని నా అనుభవం.

స్విట్జర్లాండ్‌లో అనబాప్టిస్టుకు వేసిన చివరి మరణశిక్ష 1614లో జూరిక్‌లో జరిగింది. ఓడల్లో తెడ్లు వేసే శిక్షకు పంపితే తప్పించుకొని ఊరికి తిరిగి వచ్చిన హాన్స్ లాండిస్ తల నరికారు. ఆ తరువాత బెర్న్ ప్రభుత్వం వేటగాళ్లను జీతానికి పెట్టి, ఆస్తులు జప్తు చేసి, 1671లో సుమారు 700 మందిని రైన్ ప్రాంతానికి తరిమింది. మొరావియాలో ఉమ్మడి ఆస్తితో బతికిన హుట్టరైట్లను, వాళ్ల నాయకుడు యాకోబ్ హుట్టర్‌ను 1536లో ఇన్స్‌బ్రుక్‌లో కాల్చిన ఎనభై ఆరేళ్ల తరువాత, 1622లో వెళ్లగొట్టారు. నెదర్లాండ్స్ వాళ్లు చాలామంది పోలండ్‌లోని విస్తులా డెల్టాలో చిత్తడి నేలలు ఎండగట్టి సాగు చేసుకున్నారు. వాళ్ల సంతతివారే కేథరిన్ మహారాణి పిలుపు మీద దక్షిణ రష్యాకు, నేటి ఉక్రెయిన్‌కు వెళ్లారు.

మీ మూడో ప్రశ్నకు జవాబు అక్కడ ఉంది. ఆ ఉక్రెయిన్ మెన్నోనైట్లలో 1860లో చీలిన వర్గమే మెన్నోనైట్ బ్రదరన్. వాళ్ల నుంచి అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు 1889లో, అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషన్‌తో కలిసి నల్లగొండకు వచ్చారు. అమెరికా శాఖ వారు పదేళ్ల తరువాత హైదరాబాదుకు వచ్చారు. మహబూబ్‌నగర్, జడ్చర్ల, గద్వాల, దేవరకొండ సంఘాలన్నీ వాటి ఫలితమే. కాబట్టి సంబంధం నేరుగా ఉంది. కానీ ఎం.బి. సంఘాల్లో నీళ్లలో ముంచి ఇచ్చే బాప్తిస్మం 1525 జూరిక్ నుంచి వచ్చినది కాదు, 1860 తరువాత స్థిరపడినది.

చివరగా ఒక సంగతి, మీలో లూథరన్ నేపథ్యం వారు కూడా ఉంటారు గనుక. గుంటూరు కేంద్రంగా ఉన్న ఆంధ్ర ఎవాంజెలికల్ లూథరన్ సంఘం సహా లూథరన్లందరూ ఒప్పుకునే 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటనలో అనబాప్టిస్టులను పేరు పెట్టి ఖండించిన వాక్యాలు ఒకటి కంటే ఎక్కువ చోట్ల ఉన్నాయి. 2010 జూలైలో స్టుట్‌గార్ట్‌లో లూథరన్ ప్రపంచ సమాఖ్య, తమ పూర్వీకులు ఆ ఖండనలను ఆసరా చేసుకొని చేసిన హింసకు దేవుని ఎదుటా మెన్నోనైట్ల ఎదుటా క్షమాపణ కోరింది. ప్రకటన పాఠాన్ని మాత్రం మార్చలేదు. దాన్ని ఇకపై ఎలా చదవాలో, ఎలా బోధించాలో చెప్పడానికే పరిమితమైంది. శిశు బాప్తిస్మం చెల్లుతుందా లేదా అన్న ప్రశ్నపై ఇరుపక్షాలూ ఇంకా మాట్లాడుకుంటూనే ఉన్నాయి.